చెయ్యనంటే వినేదెవరు?

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ దాకా, అక్కడి నుంచి కృష్ణానగర్ సందుల దాకా ఒక మాట గట్టిగా పాతుకుపోయింది: పిల్లల్లో విషయం ఉంటే చిన్నప్పుడే బయటపెట్టాలి. ఆడిషన్లకు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు, వాళ్లకు వేషాలు ఇప్పించే కో-ఆర్డినేటర్లు, డాన్స్ మాస్టర్లు, టీవీ షోల్లో జడ్జి కుర్చీల్లో కూర్చున్న సినిమావాళ్లు అంతా అదే మాట మీద ఉన్నారు. ఆ వాదాన్ని ఉన్నదున్నట్టుగా ముందు చెప్పుకోవాలి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది కనుక ప్రతిభ గల పిల్ల అయిదేళ్లకే తెలిసిపోతుంది. మొక్కై వంగనిది మానై వంగదు కనుక పెద్దవాళ్లు కాస్త గట్టిగా పట్టుకుని చేయించాలి. వదిలేస్తే ఏ పిల్లా సాధన చెయ్యదు. నలుగురి ముందు నిలబడితే బెరుకు పోతుంది. చప్పట్లు పిల్లలకూ ఇష్టమే. మార్కులూ ర్యాంకులూ తప్ప మరేదీ పట్టని ఈ రోజుల్లో పాటకూ ఆటకూ విలువిచ్చే ఇల్లు దొరకడమే అదృష్టం. డబ్బు లేని ఇంటికి ఇదొక దారి. పైగా మన పెద్ద తారలు ఎందరో అలా మొదలైనవాళ్లే.

ఈ వాదం చేసేవాళ్లలో ఎక్కువమంది పిల్లల మీద ప్రేమతోనే చేస్తారు. అయినా ఇది తప్పు వాదం. పిల్ల నేర్చుకోవడం ఒక పని, నేర్చుకున్నది పెద్దవాళ్లు అడిగినప్పుడల్లా చేసి చూపించడం మరో పని. మొదటిదానికి చెప్పాల్సిన సమర్థనలన్నీ తీసుకొచ్చి రెండోదానికి అతికిస్తున్నారు. ఆ అతుకు ఎక్కడెక్కడ ఊడుతుందో చూద్దాం.

1. తారల జాబితా దేనికి రుజువు?

ఈ వాదానికి మొదటి ఆసరా కొన్ని పేర్లు. శ్రీదేవి నాలుగేళ్ల వయసుకే కెమెరా ముందుకొచ్చింది. ఆలీ ‘సీతాకోకచిలుక’ (1981)లో కనిపించేనాటికి పిల్లవాడు. తరుణ్ ‘అంజలి’ (1990)లో, జూనియర్ ఎన్టీఆర్ గుణశేఖర్ తీసిన ‘రామాయణం’ (1997)లో, తేజ సజ్జా ‘చూడాలని వుంది’ (1998)లో బాలనటులు. ఇవన్నీ నిజాలే. కాకపోతే ఈ జాబితాలో గెలిచినవాళ్లే ఉన్నారు, మిగిలినవాళ్ల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. సి. పుల్లయ్య 1936లోనే ‘సతీ అనసూయ’, ‘ధ్రువవిజయం’ చిత్రాలను పిల్లలతో తీశారు. నాటి నుంచి ఈ తొంభై ఏళ్లలో తెలుగు తెర మీద ‘మాస్టర్’ అనో ‘బేబీ’ అనో పేరు పడిన పిల్లలు ఎంతమంది? పెద్దయ్యాక నటనతోనే బతకగలిగినవారు ఎంతమంది? ‘లవకుశ’ (1963)లో లవుడూ కుశుడూ అయిన పిల్లలిద్దర్నీ తెలుగువాళ్లంతా గుండెలకు హత్తుకున్నారు; ఆ ఇద్దరిలో ఎవరూ పెద్దయ్యాక హీరో కాలేదు. ‘రామాయణం’ నిండా పిల్లలే. మామూలు ప్రేక్షకుడిని అడిగితే వారిలో ఒక్క పేరు చెబుతాడు, ఆ ఒక్కరూ ఎన్టీఆర్ మనవడు. ఓడినవాళ్లను లెక్కలోంచి తీసేసి గెలుపు మార్గం ఇదేనని చెప్పడం లాటరీ టికెట్లు అమ్మేవాళ్ల తర్కం.

ఇదే జాబితాలో మహేశ్‌బాబు పేరు కూడా తరచూ వినిపిస్తుంది. ‘నీడ’ (1979)తో మొదలై ‘బాలచంద్రుడు’ (1990) దాకా ఆయన బాలనటుడు. జనం ఆదరించారు, సినిమాలు ఆడాయి. సరిగ్గా అప్పుడే తండ్రి కృష్ణ ఆ నటనను ఆపించి కొడుకును చదువుకు పంపారు. మళ్లీ తెర మీదికి రావడం 1999లో, ‘రాజకుమారుడు’తో. పద్మాలయా స్టూడియో కట్టిన మనిషి, ఈ పరిశ్రమ లోతుపాతులన్నీ ఎరిగిన మనిషి, ఆదరణ ఉన్నప్పుడే సొంత కొడుకును కెమెరా ముందు నుంచి తప్పించాడు. చిన్నప్పుడే బయటపెట్టకపోతే ప్రతిభ వాడిపోతుందన్న భయానికి ఇంతకంటే సూటి జవాబు తెలుగు సినిమా చరిత్రలోనే మరొకటి దొరకదు. ఆ తొమ్మిదేళ్ల విరామంలో పోయిందేమీ లేదు. అలా ఆపగల స్తోమత ఆ ఇంటికి ఉంది, తిరిగి వచ్చే దారీ ఉంది. కరీంనగర్ నుంచో తెనాలి నుంచో పిల్లను తెచ్చి కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకున్న కుటుంబానికి ఆ రెండూ లేవు. కనుక పెద్దింటి పిల్లల కథను వాళ్లకు ఆదర్శంగా చూపడం న్యాయం కాదు. శ్రీదేవి మాటేమిటంటారా? అందరిలా బడికీ కాలేజీకీ వెళ్లే జీవితం తనకు దక్కలేదని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. శిఖరం మీద ఉన్న మనిషి కూడా ఆ ఖర్చును మరిచిపోలేదు.

2. “వాళ్లకే ఇష్టమండీ”

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే సమాధానం ఇది, పరీక్షకు అన్నిటికంటే తక్కువగా నిలిచేదీ ఇదే. ఆరేళ్ల పిల్లకు అన్నిటికన్నా ఇష్టమైనది అమ్మానాన్నల ముఖంలో సంతోషం. పాడితే ఆ ముఖం వెలుగుతుందని తెలిసిన పిల్ల పాడుతుంది. అది పాట మీది ఇష్టం కావచ్చు, కాకపోవచ్చు. బయటి నుంచి చూసి తేల్చలేం. తేల్చడానికి ఒకే మార్గం ఉంది: ఆ పిల్ల చెయ్యనన్న రోజున ఏం జరుగుతుందో చూడటం. వద్దనే వీలున్న చోటే ఇష్టం అన్న మాట నిలుస్తుంది. “అంకుల్‌కి ఆ పాట పాడి వినిపించమ్మా” అన్నప్పుడు పిల్ల తల్లి చీర కుచ్చిళ్ల వెనక దాక్కుంటే పెద్దవాళ్లు ఏమంటారో తెలుగిళ్లలో తెలియనిది కాదు. బతిమాలడం, చాక్లెట్ ఆశ చూపడం, పక్కింటి పిల్లతో పోల్చడం, చివరికి “పరువు తీశావు” అనడం. ఆ పరువు పెద్దవాళ్లది. పిల్ల మొహమాటాన్ని పెద్దవాళ్ల అవమానంగా మార్చిన క్షణాన ప్రతిభ పెంచడం అన్న మాట అయిపోయింది.

ఇంటి హాల్లోనే ఇలా ఉంటే స్టూడియో ఫ్లోరు మీద చెప్పేదేముంది? లైట్లు పెట్టారు, పెద్ద నటుల కాల్షీట్లు కుదిరాయి, ఫ్లోరు అద్దె నడుస్తోంది, యూనిట్ అంతా కాచుకుని ఉంది. పిల్లవాడికి నిద్ర వస్తోంది, లేదా ఏడుపు సీను వద్దంటున్నాడు. అంతమంది పెద్దవాళ్ల డబ్బూ సమయమూ తన మీద ఆగి ఉన్నాయని ఆ పిల్లవాడికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తల్లి కళ్లలోని కంగారు చాలు. ఈ పరిస్థితిలో వచ్చిన ‘సరే’ను ఇష్టం కింద జమకట్టడం తప్పు. 2025 ఆగస్టులో వేతనాల కోసం ఇదే పరిశ్రమలో కార్మికులు సమ్మె చేసి షూటింగులు ఆపారు. పెద్దవాళ్లకు యూనియన్లు ఉన్నాయి, ఫెడరేషన్ ఉంది, ఫిల్మ్ ఛాంబర్‌తో బేరమాడే బలం ఉంది. ఆ ఫ్లోరు మీద అందరికంటే చిన్న మనిషికి మాత్రం పని ఆపే దారి ఏడుపొక్కటే, దానికీ మరో టేక్ అడుగుతారు.

చట్టం ఈ సంగతి గుర్తించింది. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టడాన్ని నిషేధిస్తూనే, చదువుకు భంగం లేకుండా సినిమాల్లో, సీరియళ్లలో, ప్రకటనల్లో నటించడానికి మినహాయింపు ఇచ్చింది. దానికి 2017లో నిబంధనలు పెట్టారు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. రోజుకు అయిదు గంటలు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. గరిష్ఠంగా అయిదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. అన్నిటికీ మించి, పిల్ల ఇష్టానికీ సమ్మతికీ విరుద్ధంగా ఏ కార్యక్రమంలోనూ పాల్గొనేలా చేయకూడదు. ఇది కాగితం మీది మాటే కావచ్చు, కానీ దాని తాత్పర్యం గొప్పది: తల్లి సంతకం పెట్టినంత మాత్రాన సరిపోదు, పిల్ల మాట వేరుగా వినాలి. “పిల్లకే ఇష్టం” అని పెద్దవాళ్లు పిల్ల తరఫున చెప్పేస్తే ఆ నిబంధనకు అర్థమే లేదు.

3. ఒత్తిడితో పదును వస్తుందా?

సాధన లేనిదే విద్య రాదు, నిజం. సాధనకు క్రమశిక్షణ కావాలి, అదీ నిజం. కానీ సాధన చాటున జరిగే పని. తప్పులు చేయడం, మళ్లీ చేయడం దాని స్వభావం. ప్రదర్శనలో తప్పుకు చోటు లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1965లో అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నీ పరిశీలించి ఒక సంగతి తేల్చాడు: బాగా వచ్చిన పనిని జనం ముందు ఇంకా బాగా చేస్తాం, ఇంకా రాని పనిని జనం ముందు మరింత పాడు చేస్తాం. పిల్లలంటేనే ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు. అందువల్ల ప్రదర్శన కోసం తయారు చేసే పెద్దలు తెలిసో తెలియకో ఒక అడ్డదారి పడతారు. రాగం నేర్పరు, ఒక పాట బట్టీ పట్టిస్తారు. నటన నేర్పరు, ఒక పెద్ద హీరో డైలాగును అవే విరుపులతో పలికిస్తారు. నాలుగు నెలలు ఒకే ఐటమ్. పిల్ల దాన్ని అచ్చుగుద్దినట్టు చేస్తే చూసినవాళ్లు నివ్వెరపోతారు. ఆ తర్వాత కొత్త పాట ఇచ్చి పాడమంటే ఆ పిల్ల దగ్గర ఏముంటుంది?

బహుమతి ఆశ చూపితే ఏమవుతుందో 1973లో మార్క్ లెపర్ బృందం స్టాన్‌ఫర్డ్‌లోని ఒక నర్సరీ బడిలో చేసిన ప్రయోగం చూపించింది. బొమ్మలు గీయడం అప్పటికే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ఏ ఆశా పెట్టకుండా వదిలిన పిల్లలు గీసే సమయంలో దాదాపు సగమే ఈ పిల్లలు గీస్తున్నారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. గీత తనదన్న భావం పోయిందంతే. ఒత్తిడి లేకపోతే ప్రతిభ రాదనేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబివ్వాలి: ఉన్న ఇష్టాన్ని సగం చేసే పద్ధతి ఏ ప్రతిభను పెంచుతుంది?

అనుకరణ సంగతి మరింత బాధాకరం. సినిమాల్లో పెద్దవాళ్ల కోసం కూర్చిన స్టెప్పులను పిల్లల చేత వేయించి, శృంగార భావాలు పలికించి, “ఎక్స్‌ప్రెషన్స్ అదిరిపోయాయి” అని మెచ్చుకునే అలవాటు దేశమంతా ఎంతగా పెరిగిందంటే 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానళ్లకు ప్రత్యేకంగా సూచనలు పంపాల్సి వచ్చింది. పిల్లకు అర్థం కాని భావాన్ని పిల్ల ముఖం మీద అద్ది దానికి మార్కులు వేయడం కళకు అవమానం, పిల్లకు అన్యాయం.

4. జడ్జి కుర్చీలు, కన్నీళ్లు

పోటీ మంచిదేనంటారు, ఓటమి నేర్పుతుందంటారు. బడి మైదానంలో ఓడిన పిల్ల సాయంత్రానికి మరిచిపోతుంది. టీవీలో ఎలిమినేట్ అయిన పిల్ల ఏడుపును దగ్గరి షాట్‌లో పట్టుకుని, వెనక సంగీతం వేసి, ప్రోమోలో వారమంతా చూపి, యూట్యూబ్‌లో శాశ్వతంగా ఉంచుతారు. అక్కడ పిల్ల నేర్చుకున్నదానికంటే ఛానల్ సంపాదించుకున్నది ఎక్కువ. జడ్జీల కటువు మాటలు పిల్లల మనసును ఎంత దెబ్బతీస్తాయన్న చర్చ 2008లో కోల్‌కతాలో జరిగిన ఒక ఘటనతో దేశమంతా సాగింది. పిల్లల హక్కుల జాతీయ కమిషన్ 2011లో మార్గదర్శకాలు రాసింది. 2017లో దర్శకుడు శూజిత్ సర్కార్ పిల్లల రియాలిటీ షోలనే ఆపేయమని బహిరంగంగా కోరాడు. పరిశ్రమ లోపలి మనిషే ఆ మాట అనాల్సి వచ్చింది.

‘పాడుతా తీయగా’ మాటేమిటి అంటారు. అడగాల్సిన ప్రశ్నే. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తప్పు పాడిన చోట తానే పాడి చూపేవారు, ఆ పాట ఎలా పుట్టిందో చెప్పేవారు, పిల్ల బెదిరితే నవ్వించేవారు. మధ్యలో పాఠం జరిగేది. ఆ ఉదాహరణ నా వాదాన్నే బలపరుస్తుంది. పిల్లను బెదరగొట్టకుండా కూడా ఇంటింటా చూసే కార్యక్రమం నడపవచ్చని ఏళ్ల తరబడి రుజువైంది. అంటే కన్నీళ్లు, అరుపులు, అవమానాలు టీవీకి తప్పనిసరి కావు. అవి కావాలని ఎంచుకున్నవి.

5. “మన సంప్రదాయమే కదా”

బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్లకే విజయవాడలో పూర్తి కచేరీ చేశారు, ‘బాల’ అన్న మాట ఆయన పేరులో చేరింది అందుకే. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేళ్ల వయసులో, గుడివాడలో మాండలిన్ కచేరీ చేశాడు. సురభి కుటుంబాల్లో పిల్లలు నాటకంలోనే కళ్లు తెరుస్తారు; 1885 నుంచి తరతరాలుగా అదే వరస. మరి వీళ్లనేమంటారు?

వీళ్ల కథలు సరిగ్గా చదవమంటాను. శ్రీనివాస్ చేతిలో మాండలిన్ ఎవరూ బలవంతంగా పెట్టలేదు. తండ్రి వాయిద్యాన్ని తానే అందుకున్నాడు. అది చూసి గురువు దగ్గర చేర్చారు. ఆ గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు, ఆయన పాడితే పిల్లవాడు వాయిస్తూ నేర్చుకున్నాడు. అక్కడ పిల్లవాడు ముందు నడిచాడు, పెద్దలు వెనక నడిచారు. బాలమురళి వెనక పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వంటి గురువు ఉన్నారు. వేదిక విద్య తర్వాత వచ్చింది. సురభిలో అమ్మ, నాన్న, తాత అందరూ అదే నాటకంలో ఉంటారు. బాలకృష్ణుడి వేషం వేసిన పిల్ల మధ్యలో నిద్రపోతే పక్కనున్న పిన్ని ఎత్తుకుంటుంది. ఆ పిల్లను ఎవరూ ఎలిమినేట్ చేయరు. ఈ సంప్రదాయాల్లోనూ కష్టాలున్నాయి, సురభి పిల్లలకు ఊరు మారినప్పుడల్లా బడి కుదరని కాలం గడిచింది. అయినా, గురువూ లేక, కుటుంబ బృందమూ లేక, మూడు నిమిషాల వీడియో కోసం పిల్లను నిలబెట్టే నేటి అలవాటుకు వాళ్లను సాక్ష్యం పిలిచే హక్కు ఎవరికీ లేదు.

6. పేదింటి దారి

ఇది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. పిల్ల సంపాదనతో అద్దె కట్టే ఇంటికి బాల్యం గురించి ఉపన్యాసం చెప్పడం సులువే. ఆ ఇంటి కష్టాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ వాదం చివరికి ఎక్కడ తేలుతుందో చూడండి. పిల్ల ఇంటికి ఆధారమైన రోజు నుంచి ఆ పిల్లకు మానేసే వీలుండదు. పళ్లు ఊడితే వేషాలు పోతాయి, గొంతు మారితే పాటలు పోతాయి, పొడుగైతే పాత్రలు పోతాయి. ఎదగడమే ఇంటికి నష్టమైన పరిస్థితి ఏ పిల్లకూ రాకూడదు. ఛార్లీ చాప్లిన్ ‘ది కిడ్’ (1921)లో నటించిన జాకీ కూగన్ చిన్నప్పుడు లక్షల డాలర్లు ఆర్జించాడు. పెద్దయ్యాక చూసుకుంటే తల్లీ మారుతండ్రీ దాదాపు అంతా ఖర్చు చేసేశారు. అతడు కోర్టుకెక్కాకే 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల ఆదాయాన్ని కాపాడే చట్టం వచ్చింది. మన 2017 నిబంధనలు కూడా పిల్ల ఆదాయంలో కనీసం 20 శాతం ఆ పిల్ల పేరనే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలంటాయి. ప్రేమ గల తల్లిదండ్రులున్నా ఈ రక్షణ కావాలని చట్టం భావించింది.

ఇప్పుడు స్టూడియో కూడా అక్కర్లేదు. తండ్రే కెమెరామన్, తల్లే మేకప్, హాలే సెట్. ఆ నిబంధనలు నిర్మాతను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇంట్లో తీసే రీల్‌కు కాల్షీట్ లేదు, ప్యాకప్ లేదు, గంటలు లెక్కపెట్టే మనిషి లేడు. వ్యూస్ తగ్గితే పిల్లకే తెలుస్తుంది, ఇంట్లో ముఖాలు చూసి. ఫ్రాన్స్ 2020 అక్టోబరులోనే పదహారేళ్లలోపు పిల్లలతో తీసే ఇలాంటి వీడియోల మీద చట్టం చేసింది; వచ్చే డబ్బులో పిల్ల వాటాను కాపాడటంతో పాటు, తన వీడియోలు తీసేయమని అడిగే హక్కును పిల్లకే ఇచ్చింది. మన దగ్గర ఆ చర్చ ఇంకా గట్టిగా మొదలుకాలేదు.

7. మరి తెర మీద పిల్లలే ఉండకూడదా?

ఉండాలి. పిల్లలు లేని కథలు లోకంలో లేవు. కె. విశ్వనాథ్ ‘స్వాతికిరణం’ (1992) పిల్లవాడు లేకుండా తీయలేరు. పెద్దవాడి అహం ఒక పసివాడి విద్యను ఎలా బలి తీసుకుంటుందో చెప్పిన ఆ కథను ఈ పరిశ్రమే మనకిచ్చింది. నా అభ్యంతరం పిల్లలు నటించడం మీద కాదు. నో అనే వీలు లేకుండా నటింపజేయడం మీద.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుతున్నాను. ఫిల్మ్‌నగర్‌లో ఉన్న ఫిల్మ్ ఛాంబరూ నటీనటుల సంఘం ‘మా’ కూడా తమ సభ్యులు తీసే, నటించే ప్రతి సినిమాలో పిల్లల పని గంటలు, కలెక్టర్ అనుమతి, డిపాజిట్ రసీదు ఉన్నాయో లేదో చూసే బాధ్యత తీసుకోవాలి. పిల్లల బాధ్యుడిగా సెట్‌లో ఉండే మనిషికి ఆ రోజు షూటింగ్ ఆపించే అధికారం ఉండాలి. దర్శకుడి కింద పనిచేసే మనిషికి అది సాధ్యం కాదు కనుక నిర్మాణ సంస్థతో సంబంధం లేనివారినే పెట్టాలి. ఛానళ్లు పిల్లల ఎలిమినేషన్లు ఎత్తేయాలి, ఏడుపును ప్రోమోలో వాడటం మానాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఇక తల్లిదండ్రులకు ఒక్క విన్నపం: ఈ ఆదివారం చుట్టాలొచ్చినప్పుడు పిల్లను పాడమని అడగకండి. తనంతట తాను పాడితే వినండి, పాడకపోతే ఆడుకోనివ్వండి.